మాత్రతో తగ్గని బోదకాలు.. ఇంటి పరిచర్యతోనే అదుపు

జంగారెడ్డిగూడెం: ఫైలేరియా ముదిరి కాలు వాచినవారు ఏళ్ల తరబడి మాత్రల కోసం తిరుగుతుంటారు. వాపు తగ్గలేదని విసిగి చివరకు పసర్ల వైపు మళ్లుతారు. ఈ దశలో వారికి కావలసింది కొత్త మందు కాదు, నిత్య పరిచర్య. ఇంట్లో ఎవరైనా నేర్వదగినదే అది.

మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కాటుతో శరీరంలో చేరిన క్రిములు లసిక నాళాల్లో పురుగులుగా ఎదుగుతాయి. నాళాలు దెబ్బతిని, ద్రవం పైకి పోలేక కాలిలో నిలుస్తుంది. డీఈసీ మాత్ర ప్రధానంగా రక్తంలోని పిల్ల పురుగులను నశింపజేసి వ్యాప్తిని అరికడుతుంది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి 1940 దశకంలో వెలువడిన మందు ఇది. గోదావరి వాసులకు గర్వకారణమే గానీ, చెడిన నాళాలను ఆ మాత్ర బాగుచేయలేదు.

కాలును ముదరబెట్టేవి తరచూ వచ్చే జ్వరాలు. మెట్టలో పామాయిల్ తోటలకు, డెల్టాలో వరి మడులకు చెప్పులు లేకుండా వెళ్లేవారి వేళ్ల సందులు నాని పగులుతాయి. ఆ పగుళ్ల గుండా సూక్ష్మజీవులు చొరబడతాయి. జ్వరం వచ్చిన ప్రతిసారీ చర్మం మరింత దళసరి అవుతుంది.

కడగడం కన్నా ఆరబెట్టడం ముఖ్యం

రోజుకు ఒకసారైనా, వీలైతే పడుకునే ముందు, రెండు కాళ్లనూ సబ్బుతో కడగాలి. వేడినీళ్లు పనికిరావు. సబ్బును చేతికి రాసుకుని పైనుంచి కిందికి, మడతల్లో, వేళ్ల సందుల్లో మృదువుగా రుద్దాలి. పీచు, రాయి వాడరాదు. తరువాత మెత్తని నూలుగుడ్డతో అద్ది, వేళ్ల సందులను గుడ్డ పీలికతో పూర్తిగా ఆరబెట్టాలి. చాలామంది విస్మరించేది ఇదే. సందులు తెల్లబడి దురద పెడితే వైద్యుడు సూచించిన లేపనం రాయాలి. వంగి పాదం చూసుకోలేని వృద్ధులకు మరొకరి సాయం తప్పనిసరి. పంచె చాటున, చీర చాటున దాచుకునే ఈ కాలును తాకితే జబ్బు అంటదు.

కూర్చున్నప్పుడు కాలిని పీటపై, పడుకున్నప్పుడు దిండుపై ఎత్తుగా ఉంచాలి. గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని అడగాలి. మడమను పైకీ కిందికీ ఆడిస్తుంటే ద్రవం కదులుతుంది.

జ్వరం వచ్చినపుడు

కాలు ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే వ్యాయామం మాని విశ్రాంతి తీసుకోవాలి. చన్నీటి గుడ్డ వేసి, నీరు ఎక్కువగా తాగించాలి. జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. కాపడం పెట్టడం, మర్దన చేయడం, గాట్లు పెట్టడం ప్రమాదకరం. యాంటీబయాటిక్ అవసరమా అన్నది వైద్యుడే నిర్ణయించాలి. వాంతులు, మగత, మాట తడబాటు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగక 108కు ఫోన్ చేయాలి. మధుమేహం కూడా ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గి పుండు తెలియకపోవచ్చు. అందుకే వారి అరికాళ్లను ఇంట్లోవారు రోజూ వెలుతురులో చూడాలి.