రంగు కనపడకపోతే ఆట ఆడలేమా? అందరూ ఆడేలా తెలుగు వర్డ్ గేమ్

వర్డిల్ చూసి నేను కూడా తెలుగులో ఒక చిన్న వర్డ్ గేమ్ చేశా. బీటెక్ వాట్సాప్ గ్రూప్‌లో లింక్ పెడితే అందరూ స్కోర్లు పెట్టారు, ఒక్కడు తప్ప. వారం ఆగి ఫోన్ చేసి అడిగా. "ఆకుపచ్చ గడి ఏదో, పసుపు గడి ఏదో నాకు తెలీట్లేదు రా" అన్నాడు. నాలుగేళ్లు ఒకే హాస్టల్ రూమ్‌లో ఉన్నాం. వాడికి కలర్ బ్లైండ్‌నెస్ ఉందని ఆ రోజే తెలిసింది నాకు!

వర్డిల్‌లో అక్షరం సరైన చోట ఉంటే ఆకుపచ్చ, వేరే చోట ఉంటే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు. చాలామంది కలర్ బ్లైండ్ వాళ్లకి ఆ మొదటి రెండూ దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. అందుకే అందులో హై కాంట్రాస్ట్ మోడ్ ఉంది, ఆన్ చేస్తే నారింజ, నీలం వస్తాయి.

తెలుగుకి అది సరిపోదు. ఎందుకంటే మనకి నాలుగో రంగు కావాలి. జవాబు "పలక" అనుకోండి, మీరు "పిలక" కొట్టారు. ల, క కరెక్ట్. మరి "పి"? హల్లు కరెక్టే, గుణింతం తప్పు. దాన్ని పూర్తిగా తప్పు అనేస్తే అన్యాయం కదా. నేను రంగులు పెంచడం మానేసి గడి మూలలో గుర్తులు పెట్టా: టిక్కు, బాణం, సగం గీత, ఇంటూ. రంగు ఉంటుంది, కానీ రంగు లేకపోయినా ఆట నడుస్తుంది.

అసలు గడి అంటే ఏంటి అన్నది ఇంకో తలనొప్పి. "స్త్రీ" మనకి ఒకటే అక్షరం. జావాస్క్రిప్ట్‌ని లెంగ్త్ అడగండి, 6 అంటుంది! స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని విడివిడిగా లెక్కపెడుతుంది. ఇలాంటి ఒత్తుల్ని ఒకే ముక్కగా చూడాలన్న రూల్ 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. పాత ఫోన్లలో ఆ రూల్ ఉండదు, కాబట్టి అక్షరాలు విడగొట్టే కోడ్ మీరే రాసుకోవడం సేఫ్.

చూపు లేనివాళ్లు టాక్‌బ్యాక్‌తో ఆడతారు, అంటే ఫోన్ స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. గడికి లేబుల్ రాయకపోతే ఉత్త "పి" అని ఊరుకుంటుంది. "1వ గడి, పి, హల్లు కరెక్ట్, గుణింతం తప్పు" అని వినిపించాలి. షేర్ చేసే రంగు డబ్బాలు ఇంకా ఘోరం. ఆరు వరసలు, వరసకి ఐదు చొప్పున ముప్పై డబ్బాల పేర్లు ఒక్కోటీ వినాలి. పక్కనే "4వ ఛాన్స్‌లో గెలిచా" అని ఒక లైన్ కాపీ చేసుకునే బటన్ పెట్టండి.

కీబోర్డ్ సంగతి. ఆండ్రాయిడ్ గైడ్‌లైన్స్ ప్రకారం ఏ బటన్ అయినా కనీసం 48 డీపీ ఉండాలి, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ ఒకే స్క్రీన్‌లో కుక్కితే అంత సైజు రాదు. ముందు హల్లు నొక్కాలి, తర్వాత దాని గుణింతాలు పైకి రావాలి. ఒక నొక్కు ఎక్కువే, కానీ చేతులు వణికే పెద్దవాళ్లకి కూడా అందుతుంది. టైమర్ పెడితే ఆఫ్ చేసే ఆప్షన్ కూడా పెట్టండి. నా గేమ్‌లో అయితే టైమర్ తీసేశా, ఎవరూ అడగలేదు కూడా.

టెస్ట్ చేయడానికి ఖర్చేం లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి గ్రేస్కేల్ ఆన్ చేసి మీ గేమ్ మీరే ఆడండి. తర్వాత టాక్‌బ్యాక్ ఆన్ చేసి కళ్లు మూసుకుని ఇంకోసారి. నేను రెండో టెస్ట్‌లో మొదటి గడి దగ్గరే ఇరుక్కుపోయా. ఆ కోడ్ ఎలా ఫిక్స్ చేశానో నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూపిస్తా. మావాడు మాత్రం మొన్న గ్రూప్‌లో మొదటి స్కోర్ పెట్టాడు, 3వ ఛాన్స్. నాది ఐదు.