కరెంటొస్తే తనే లేస్తుంది!

కరెంటు పోయింది... వచ్చింది. ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్ మొదలైంది. మూలనున్న పాత కంప్యూటరు మాత్రం ఎవరైనా వచ్చి మీట నొక్కేదాకా కదలదు. ఇంటి ఫొటోలన్నీ అందులో దాచి, వాటిని అందరి ఫోన్లకూ అందించే పని అప్పగించి ఊరెళ్తే అదే చిక్కు!

దానిలో ఉన్నది లైనక్సే అయినా, కిటుకు మాత్రం అంతకన్నా ముందు మేలుకునే బయోస్‌లో ఉంది. ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కితే చాలావాటిలో ఆ తెర వస్తుంది. పవర్ సెట్టింగుల్లో 'రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' అన్నచోట 'పవర్ ఆన్' పెట్టాలి. కంపెనీని బట్టి పేరు కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు.

అయినా మొండికేస్తోందా? మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీని అనుమానించాల్సిందే. సాధారణంగా అది 3 వోల్టుల సీఆర్2032. అది అయిపోతే, కరెంటు పోయినప్పుడల్లా బయోస్ తేదీతో సహా అన్నీ మర్చిపోతుంది. ఆపైన 'ఎఫ్1 నొక్కండి' అంటూ కూర్చుంటుంది. ఇంట్లో లేకపోతే నొక్కేదెవరు? కొత్త బిళ్ల వేసి, సెట్టింగు మళ్లీ పెట్టాలి.

ఇక లైనక్స్ వంతు. లేవగానే చేయాల్సిన పనుల్ని 'క్రాన్‌టాబ్'లో '@రీబూట్' అన్న గుర్తుతో రాసిపెడితే, తెర పాస్‌వర్డ్ దగ్గర ఆగినా అవి వెనక నడిచిపోతాయి.

ఊరెళ్లేముందు ఓసారి షట్‌డౌన్ చేసి, ప్లగ్గు తీసి, నిమిషమాగి మళ్లీ పెట్టి చూడండి.