ఆట ముగిశాక మాట తప్పనిసరా?

2021 మే 30న ఫ్రెంచ్ ఓపెన్ తొలి రౌండ్‌లో నెగ్గిన జపాన్ క్రీడాకారిణి నవోమి ఒసాకా విలేకరుల సమావేశానికి హాజరు కాలేదు. నిర్వాహకులు 15 వేల డాలర్ల జరిమానా విధించారు. ఇదే ధోరణి కొనసాగితే టోర్నీ నుంచి తొలగిస్తామని నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల నిర్వాహకులు ఉమ్మడిగా హెచ్చరించారు. మరునాడే ఆమె వైదొలగి, 2018 నుంచి కుంగుబాటుతో బాధపడుతున్నట్లు వెల్లడించారు.

గెలిచినా ఓడినా ప్రశ్నలకు బదులివ్వాలన్న నిబంధన అకారణమైనది కాదు. ప్రసార హక్కులు, ప్రకటనల ఆదాయం నుంచే ప్రైజ్‌మనీ సమకూరుతుంది. పేరులేని క్రీడాకారులకు పత్రికల ప్రచారమే ఆసరా. అయితే ఆ జరిమానా అగ్రశ్రేణి వారికి లెక్కలోనిది కాదు, దిగువ ర్యాంకుల వారికి మాత్రం పెనుభారం. పైగా గాయపడి శారీరకంగా రాలేని వారికి నిబంధనే మినహాయింపునిచ్చింది. ఒసాకా చెప్పిన కారణం ఆ మినహాయింపు పరిధిలోకి రాలేదు.