పాత లారీ: వాల్వుల చప్పుడు, ఆయిల్ ప్రెషర్

ప్రభుత్వ శాఖలకు, ప్రభుత్వ రంగ సంస్థలకు చెందిన వాహనాలు 15 సంవత్సరాలు నిండిన తరువాత రోడ్డు మీదికి రాకూడదనే నియమం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సంగతి పాఠకులకు విదితమే. మన వాహన విభాగంలోని వయసు మళ్లిన లారీలు ఆ విధంగా సెలవు పుచ్చుకున్నాయి. కాని గేటు దాటి కాలనీ శివార్లకు వెళితే పరిస్థితి వేరు. మన ఉద్యోగుల బంధువర్గంలోను, పదవీ విరమణ చేసిన మిత్రులలోను ఒక పాత లారీని నమ్ముకొని ఇసుక, కంకర, ఇటుక తోలుకుంటూ సంసారాలు ఈదుతున్నవారు నేటికీ ఉన్నారు. అటువంటి ఇంట ఇంజిన్ పట్టేసిందంటే ఆగేది లారీ ఒక్కటే కాదు. పిల్లల ఫీజులు, ఫైనాన్స్ కిస్తీలు కూడా దానితోపాటే ఆగుతాయి. ఈ వ్యాసం ప్రధానంగా వారిని ఉద్దేశించినది.

ఈ తరం లారీలలో మనకు చిరపరిచితమైనది టాటా 697 ఇంజిన్. 1954లో టెల్కో సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం కుదుర్చుకొని జంషెడ్‌పూర్‌లో లారీల తయారీకి పూనుకొన్నది. 1969లో ఆ ఒప్పందం ముగిసినా ఆ ఇంజిన్ల బాణీ మాత్రం దశాబ్దాల పాటు కొనసాగింది. 697 అనే అంకెలో 6 సిలిండర్ల సంఖ్య, 97 సిలిండరు బోరు మిల్లీమీటర్లలో. పేరులోనే కొలత చెప్పే ఇటువంటి నిరాడంబరత ఈనాటి వాహనాలలో కానరాదు.

ఈ ఇంజిన్ల గురించి తరచు వినవచ్చే ఫిర్యాదులు రెండు: పైన టకటకమని చప్పుడు, ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి దిగడం. ఈ రెండూ వేర్వేరు జబ్బులని కొందరు, ఒకటే జబ్బని మరికొందరు వాదిస్తారు. ఆయిల్ నడిచే దారి తెలిస్తే ఈ వాదం దానంతట అదే తేలిపోతుంది. అడుగున ఉన్న చాంబరులోని ఆయిల్‌ను జాలీ ద్వారా పంపు లాగుకొంటుంది. అక్కడినుండి అది ఫిల్టరు గుండా మెయిన్ గ్యాలరీకి చేరి, మెయిన్ బేరింగులకు, క్రాంక్‌షాఫ్టులోని రంధ్రాల ద్వారా కనెక్టింగ్ రాడ్ బేరింగులకు, క్యామ్‌షాఫ్టుకు పంపిణీ అవుతుంది. అన్నిటికంటె చివర, సిలిండరు హెడ్డు పైనున్న రాకర్లకు అందుతుంది. కాలువ చివరి భూమికి నీరు అందడం వంటిదే ఇది. ఎగువన గండి పడితే ముందుగా ఎండేది చివరి మడి. కనుక వాల్వుల చప్పుడు కొన్ని సందర్భాలలో వాల్వుల దోషం కానే కాదు, కింద బేరింగుల వద్ద ఆయిల్ కారిపోతున్నదనడానికి అది తొలి సూచన. అలాగని ప్రతి చప్పుడుకూ ఇంజిన్ దింపనవసరం లేదు.

ముందుగా చప్పుడును గుర్తుపట్టాలి. క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. నిమిషానికి 600 చుట్లతో ఇంజిన్ నిలకడగా తిరుగుతున్నపుడు ఒక్కొక్క వాల్వు సెకనుకు 5 సార్లు మాత్రమే తెరుచుకుంటుంది. సన్నగా, లయబద్ధంగా, ఇంజిన్ పైభాగాన వినిపించే చప్పుడు వాల్వుది. కింది నుండి బరువుగా, కొయ్యమీద సుత్తితో కొట్టినట్లు, దాదాపు రెట్టింపు వేగంతో వినిపిస్తే అనుమానం బేరింగు మీదికి పోవాలి. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజిన్ మీద వేర్వేరు చోట్ల ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకొంటే చప్పుడు పుట్టిన చోటు తెలుస్తుంది. (ఫ్యాను, బెల్టు దరిదాపులకు చొక్కా చేతులు, తువ్వాలు పోనీయరాదు.) మరొక పరీక్ష ఉన్నది. ఒక్కొక్క సిలిండరుకు నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేసి డీజిల్ ఆపి చూడాలి. అప్పుడు చప్పుడు తగ్గితే అది బేరింగుదో, పిస్టన్ పిన్నుదో, నాజిల్‌దో అవుతుంది. వాల్వు చప్పుడులో మార్పు రాదు. వదులు చేసిన చోట డీజిల్ మహా ఒత్తిడితో చిమ్ముతుంది, అది చర్మంలోకి చొచ్చుకొని పోగలదు. కనుక చేతిని అడ్డుపెట్టరాదు, గుడ్డ కప్పే నట్టు తిప్పాలి. అనుభవం లేనివారు ఈ పరీక్ష జోలికి పోకపోవడమే మంచిది.

చప్పుడు వాల్వుదేనని తేలితే రాకర్ కవరు తీసి ట్యాపెట్లు సరిచూడాలి. ఇంజిన్ చల్లబడి ఉండాలి. ఆరు సిలిండర్ల ఈ ఇంజిన్లలో మంట వరుస 1-5-3-6-2-4. దీనిలో 1కి 6, 5కి 2, 3కి 4 జంటలు. ఆరవ సిలిండరు వాల్వులు రెండూ ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఊగుతున్నపుడు ఒకటవ సిలిండరు ట్యాపెట్లు పట్టాలి, మిగతావీ అంతే. ఈ తరహా ఇంజిన్లలో ఇన్‌లెట్‌కు 0.20 మి.మీ., ఎగ్జాస్టుకు 0.30 మి.మీ. వంటి సందులు సాధారణం. మీ ఇంజిన్ పుస్తకంలో ఉన్న అంకెయే మీకు ప్రమాణం. రాకర్ మొన అరిగి గుంట పడితే ఫీలర్ గేజ్ ఆ గుంట మీదుగా వంతెన వేసినట్లు నిలిచి సందు తక్కువని చూపుతుంది. కొలత సరిగా ఉన్నా చప్పుడు పోని చోట ఈ గుంట, వంగిన పుష్‌రాడ్, అరిగిన రాకర్ బుష్ లేదా క్యామ్ ముక్కు కారణం కావచ్చు. చప్పుడు వినలేక సందును మరీ బిగించే మేస్త్రులు ఉన్నారు. అపుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, సీటుకు వేడిని అందించలేక కాలిపోతుంది. టకటకలాడే వాల్వుతో కొంత కాలం బండి నడుస్తుంది, కాలిన వాల్వుతో హెడ్డు దించక తప్పదు.

ఇక ప్రెషర్. డ్యాష్‌బోర్డు మీది ముల్లును నమ్మి నిర్ణయం తీసుకోరాదు. పంపే యూనిటు పాడైనా, వైరు తెగినా ముల్లు పడిపోతుంది. దానిని విప్పి, సరియైనదని తెలిసిన మాస్టర్ గేజ్ బిగించి, చల్లగా ఉన్నపుడు ఒకసారి, బాగా వేడెక్కాక నిలకడ వేగంలోను, పెంచిన వేగంలోను మరోసారి చూడాలి. చల్లగా బాగుండి వేడెక్కిన కొద్దీ పడిపోతుంటే ఆయిల్ పలుచబడిందనో, బేరింగులు అరిగాయనో అర్థం. బేరింగు సందులోనుండి కారే ఆయిల్ ఆ సందు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. అంటే సందు రెట్టింపైతే కారడం ఎనిమిది రెట్లు. అరుగుదల కొద్దిగానే అనిపించినా ప్రెషర్ అంత తీవ్రంగా పడిపోవడానికి కారణం ఇదే. చల్లగా, వేడిగా రెండు స్థితులలోను తక్కువగానే ఉంటే పంపు, రిలీఫ్ వాల్వు, మూసుకుపోయిన జాలీ చూడాలి. మలుపులలోను, ఘాటీలలోను మాత్రమే ముల్లు ఊగితే చాంబరులో ఆయిల్ తక్కువగా ఉండవచ్చు, లేక లాగుడు పైపు కీలు వద్ద గాలి చొరబడుతుండవచ్చు. ఆయిల్ మట్టం దానంతట అది పెరిగి డీజిల్ వాసన వేస్తుంటే నాజిల్ లేదా ఫీడ్ పంపు నుండి డీజిల్ దిగుతున్నదని, పాలవలె మారితే నీరు కలిసిందని గ్రహించాలి.

మా పరిచయస్థుల కుటుంబం ఒకటి ఇటుకల రవాణాతో జీవిస్తున్నది. వారి లారీకి హెడ్డు పని చేయించిన కొద్ది వారాలకే పైన చప్పుడు మొదలైంది. ఒక షెడ్డువారు బేరింగులు పోయాయని, ఇంజిన్ మొత్తం దింపాలని తేల్చారు. ఇంట్లోని బంగారం తాకట్టు పెట్టే ఆలోచన దాకా వచ్చింది. అప్పుడు మాస్టర్ గేజ్ పెట్టి చూస్తే చల్లగాను, వేడిగాను ప్రెషర్ నిక్షేపంగా ఉన్నది. రాకర్ కవరు తీసి ఇంజిన్ నడిపితే ఒక్క రాకర్ దగ్గరా ఆయిల్ ఊరలేదు. హెడ్డు మళ్లీ దించగా, గాస్కెట్ వద్ద అతిగా పూసిన అతుకు పదార్థం గట్టిపడి పైకి పోయే రంధ్రాన్ని పూడ్చివేసినట్లు కనిపించింది. రంధ్రం శుభ్రం చేసి, ఎండిపోయి అరిగిన రాకర్ బుష్‌లు, గాస్కెట్ మార్చడంతో చప్పుడు పోయింది. బంగారం బీరువా దాటలేదు. గేజ్ చూపేది మెయిన్ గ్యాలరీలోని ఒత్తిడిని మాత్రమే, రాకర్ దాకా ఆయిల్ చేరిందో లేదో దానికి తెలియదు.

దీనికి విరుద్ధమైన మోసం ఒకటి ఉన్నది. అరిగిన ఇంజిన్‌లో చిక్కటి గేర్ ఆయిల్ కలిపితే ప్రెషర్ పెరుగుతుంది, చప్పుడు అణగుతుంది. పాత బండి అమ్మేవారిలో కొందరు ఈ చిట్కా ప్రయోగిస్తారు. తెల్లవారుజామున చల్లటి ఇంజిన్ స్టార్టు చేయించి, తరువాత వేడెక్కనిచ్చి ప్రెషర్ చూడనిదే పాత లారీ కొనరాదు.

లెక్కల పుస్తకం రాసే ఇంటివారికి కూడా ఇందులో పాత్ర ఉన్నది. ఎన్ని కిలోమీటర్లకు ఎంత ఆయిల్ పోశారో, ఫిల్టరు ఎప్పుడు మార్చారో తేదీ వేసి రాస్తే, మేస్త్రికి అదే సగం రోగ నిర్ధారణ. దారిలో ప్రెషర్ పూర్తిగా పడిపోతే వచ్చే ఊరి దాకా లాగుదామనుకోక, అక్కడికక్కడే పక్కకు తీసి ఇంజిన్ ఆపివేయవలసినదని డ్రైవరుకు గట్టిగా చెప్పి ఉంచాలి.

బేరింగుల మీదనే అనుమానం నిలిస్తే ఇంజిన్‌ను ఛాసిస్ మీదనే ఉంచి చాంబరు దింపి, ఒకటి రెండు కనెక్టింగ్ రాడ్ క్యాపులు విప్పించండి. షెల్లు మీద బూడిదరంగు పూత అరిగి రాగి రంగు బయటపడితే మార్చవలసినదే. క్రాంక్ జర్నల్ గీతలు పడక, మైక్రోమీటరు కొలతలో గుండ్రంగా ఉంటే షెల్లులతో పని పూర్తవుతుంది. లేకుంటే క్రాంక్ తీసి గ్రైండింగ్‌కు పంపి, తదుపరి అండర్‌సైజు షెల్లులు వేయించాలి. ఆ కొలతలు మీ కళ్లెదుట తీయించి, కాగితం మీద రాయించుకొన్న తరువాతనే ఖర్చుకు సమ్మతించండి.