గడ్డ రొమ్ములో, వెతుకులాట చంకలో

మా కుక్క రొమ్ములో గడ్డ లేస్తే డాక్టరుగారు చంకలూ గజ్జలూ తడిమి చూశారెందుకని హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఒక్క ముక్కలో జవాబు చెప్పి వదిలేయదగ్గ ప్రశ్న కాదిది.

కణాల మధ్య మిగిలిన నీరు శోషరసమై సన్నటి నాళాల్లో చేరి, చంకలూ గజ్జలూ లాంటి చోట్ల ఉండే శోషరస గ్రంథుల్లో వడకట్టుకుని, చివరికి రక్తంలో కలుస్తుంది. క్యాన్సర్ కణాలూ తరచు ఆ దారే పడతాయి. కణితి నుంచి వచ్చే రసం మొట్టమొదట చేరే గ్రంథి పేరు సెంటినెల్ గ్రంథి. జబ్బు పాకిందా లేదా అన్నది ముందుగా అక్కడే బయటపడుతుంది.

మరి అది ఏ గ్రంథి? ఓరుగల్లు చుట్టూ గొలుసుకట్టు చెరువులు ఎరిగినవాళ్లకు ఈ చిక్కు తెలుసు. వాన నీరు దగ్గరి చెరువుకే పోవాలని లేదు, వాలు ఎటుంటే అటు పోతుంది. ఆడకుక్కకు సాధారణంగా ఐదు జతల రొమ్ములు. ముందు రెండు జతల రసం ఎక్కువగా చంకకు, వెనక రెండు జతలది గజ్జకు పోతుంది. మధ్య జతది ఎటైనా పోవచ్చు. కణితి పెరిగితే పాత దారులు పూడి కొత్తవి తెరుచుకుంటాయి కూడా.

ఈ దారుల సంగతి మొదట బయటపడిందీ కుక్కలోనే. 1622లో ఇటలీ వైద్యుడు గాస్పారో అసెల్లి, కడుపునిండా తిన్న కుక్క పొట్ట కోసి చూస్తే పేగుల చుట్టూ తెల్లటి దారాలు కనిపించాయి. నరాలనుకున్నాడు. ఒకదాన్ని కోయగానే పాలలాంటి ద్రవం చిమ్మింది. ఇంత గొప్ప సంగతి కనిపెట్టినవాడే ఆ నాళాలు కాలేయానికి పోతాయని రాశాడు. రక్తం పుట్టేది కాలేయంలోనని ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ ఏనాడో చెప్పి ఉన్నాడు మరి! ఆ రసం ఛాతీలోంచి పైకి ఎక్కి మెడ దగ్గరి సిరల్లో కలుస్తుందని 1651లో ఫ్రెంచి వైద్యుడు జాఁ పెకే తేల్చాడు, అదీ కుక్కల్లోనే. దగ్గరి గ్రంథిని తీసేసి సరిపెట్టే సర్జనుదీ అసెల్లి పొరపాటే: దారి వెంట పోకుండా ఊరు ఊహించుకోవడం.

ఇప్పుడు ఆ దారిని కళ్లారా చూడవచ్చు. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును కణితి చుట్టూ సూదితో ఎక్కిస్తారు. అది ప్రొటీన్లను అంటుకుని శోషరస నాళాల్లోకి జారుతుంది. సుమారు 800 నానోమీటర్ల పరారుణ కాంతి పడితే వెలుగుతుంది. ఆ వెలుగు మన కంటికి ఆనదు, కెమెరాకు ఆనుతుంది. చర్మం కింద ఒక గీత మెల్లగా సాగి, ఒక గ్రంథి దగ్గర చుక్కై నిలుస్తుంది. అంతే, కత్తి పెట్టాల్సిన చోటు తెలిసిపోయింది!

ఈ వెతుకులాట రొమ్ము కణితులకే కాదు. మలద్వారం పక్క గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్ పొట్ట లోపల, వెన్నెముక కింది శోషరస గ్రంథులకు పాకుతుంది. అక్కడికి పొట్టంతా కోయకుండా చిన్న రంధ్రాల గుండా లాపరోస్కోపు అనే కెమెరా గొట్టంతో చేరవచ్చు. సర్జను గెయోర్గ్ కెల్లింగ్ 1901లో జర్మనీలో పొట్టలోకి గొట్టం దింపి చూపించిందీ కుక్క మీదే. మనుషుల వైద్యానికి ఇంత ఇచ్చిన జంతువుకు ఆ వైద్యం తిరిగి అందడం న్యాయం.

కెమెరా ఖరీదైనదన్న మాట నిజమే. చవకైన మిథిలీన్ బ్లూ కూడా గ్రంథిని నీలంగా చూపిస్తుంది. మామునూరు పశువైద్య కళాశాలలో చదివే ప్రతి విద్యార్థీ ఈ పద్ధతిని చేతులారా నేర్చుకోవాలి. కుక్కను పెంచేవాళ్లు నెలకోసారి దాని రొమ్ములు తడిమి చూడండి. బఠాణీ గింజంత గడ్డ తగిలినా, నొప్పి లేదు కదా అని ఆగకుండా డాక్టరుకు చూపించండి.