మూలుగలోని మూలకణం

అప్పనపల్లి నుండి బయలుదేరి, చించినాడ వంతెనపై వశిష్ఠను దాటి, పాలకొల్లు మీదుగా సాగితే భీమవరం ఎంతో దూరం కాదు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో జన్మించినది అక్కడనే. ఆయన సోదరులిరువురిని స్ప్రూ వ్యాధి బలిగొన్నది. ఆహారసారమును పేగులు గ్రహింపలేక రక్తము క్షీణించే వ్యాధి అది.

ఎముక లోపలి మెత్తని పదార్థమును తెలుగులో మూలుగ అంటాము. ఉర్దూలో గూదా, నిహారీ తినేటప్పుడు నల్లిని తట్టి రాబట్టేది అదే! మన శరీరంలో దినమునకు సుమారు 20 వేల కోట్ల ఎర్రకణములు పుట్టేది ఈ మూలుగలోనే. కణము రెండుగా చీలవలెనంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి బృందం దానిని కృత్రిమంగా తయారుచేసింది. దానిని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను కూడ అక్కడే రూపొందించారు. రక్త కేన్సరు సోకిన 16 మంది పిల్లలకు దానినిచ్చి, 10 మందిలో తాత్కాలికంగా గుణం కనిపించినదని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ సంవత్సరమే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఇన్ని కణములకు మూలమేది? 1961లో కెనడా శాస్త్రజ్ఞులు టిల్, మెకల్లక్ వికిరణముతో మూలుగ నశించిన ఎలుకలకు వేరొక ఎలుక మూలుగను ఎక్కించగా ప్లీహముపై చిన్న గడ్డలు లేచాయి. ఒక్కొక్క గడ్డ ఒకే కణము సంతానమని తరువాత రుజువైనది. అదే మూలకణం.

రోగి మూలుగను పదే పదే తీసి పరీక్షించుట బాధాకరం. 2006లో జపానుకు చెందిన యమనాకా ఎలుక చర్మకణములను, మరుసటి సంవత్సరం మనిషి చర్మకణములను మూలకణ స్థితికి మళ్ళించారు. ఇప్పుడు రోగి చర్మము నుండే అతని జన్యుదోషముగల రక్తకణములను గాజుపాత్రలో పెంచి, దోషము ఏ దశలో బయటపడుతుందో గమనించవచ్చు. మందులను ముందుగా వాటిపైనే పరీక్షించవచ్చు. 2007లో కొడవలి కణ వ్యాధిగల ఎలుకకు ఈ పద్ధతిలో జన్యువును సరిదిద్ది, వ్యాధిని చాలవరకు నయం చేశారు. అయితే మనిషిలో కలకాలం నిలిచే రక్త మూలకణములను ఈ మార్గమున తయారుచేయుట ఇంకను కష్టసాధ్యమే.

విద్యార్థులారా, మూలకణ చికిత్స పేరిట మధుమేహం మొదలు ఆటిజం వరకు అన్నిటినీ నయం చేస్తామనే ప్రకటనలను నమ్మి పొలములమ్ముకొనేవారున్నారు. మన దేశపు 2017 మార్గదర్శకములు ప్రామాణిక చికిత్సగా అంగీకరించినది కొన్ని రక్తవ్యాధులకు చేసే మార్పిడిని మాత్రమే. బిడ్డ బొడ్డుతాడు రక్తమును ఆ బిడ్డ కొరకే దాచమని సొమ్ము అడిగేవారూ ఉన్నారు. బిడ్డకు తలసీమియా ఉంటే ఆ దాచిన రక్తములోనూ అదే దోషము ఉంటుంది.