గోరింటను ఇల్లు మార్చాలంటే

గోరింట తెలియని ఇల్లు హైదరాబాదులో ఉండదు. చాంద్ రాత్‌నాడు మన పిల్లల చేతుల్లో పండేదీ, ఆషాఢమాసంలో పక్కింటి పిల్లల చేతుల్లో పండేదీ ఆ ఆకే. మెహందీ అన్నా, హీనా అన్నా, గోరింట అన్నా మొక్క ఒక్కటే. ఆ ఆకు ఇంకా అందరికీ కావాలి గాని, పొద మాత్రం మన పెరళ్లలో తగ్గిపోతోంది.

తార్నాక, హబ్సిగూడ, లాలాగూడ ప్రాంతాల్లో ఆవరణ ఉన్న పాత ఇళ్లు ఒక్కొక్కటిగా అపార్టుమెంట్లు అవుతున్నాయి. పునాది తవ్వే యంత్రం వచ్చేముందు మామిడిచెట్టు గురించి ఎవరైనా నాలుగు మాటలు అనుకుంటారు. గోడవారగా ఉన్న గోరింట గురించి అడిగేవారు తక్కువ. అడిగినవారు కూడా “ఎండకు తట్టుకునే మొక్కే కదా, ఎక్కడ పెట్టినా బతుకుతుంది” అని పెకలించి, కొత్త చోట ఒక గుంటలో పెట్టి ఊరుకుంటారు. నెల తిరిగేసరికి అది ఎండుపుల్ల అవుతుంది. ఎండకు తట్టుకునే మొక్క ఎందుకు ఎండిపోయింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, గోరింటనే కాదు, పెరట్లోని ఏ గట్టి పొదనైనా ఇల్లు మార్చవచ్చు.

బలం ఎక్కడుంది?

గోరింట శాస్త్రీయ నామం లాసోనియా ఇనెర్మిస్. దానిమ్మ కూడా ఈ కుటుంబానికి చెందినదే. రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ ప్రాంతంలో దీనిని పొలాల్లో పంటగా, ఎక్కువగా వానల మీదనే ఆధారపడి పండిస్తారు. అంత తక్కువ వాన పడే చోట బతకగల మొక్కకు మన నగరపు వాన చాలా ఎక్కువ. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే.

వేసవిలో ఉస్మానియా క్యాంపస్‌లో నడిచేవారు రాళ్ల సందుల్లో నిలిచిన సీతాఫలం, తంగేడు పొదలను చూసే ఉంటారు. వాటికి ఎవరూ నీళ్లు పోయరు. అయినా బతుకుతాయి. వాటి బలమంతా వేళ్లలో ఉంది. ఏళ్ల తరబడి ఆ వేళ్లు రాతి పగుళ్లలోకి దిగి, లోతున మిగిలిన తడిని వెతుక్కున్నాయి. గోరింటదీ అదే పద్ధతి.

ఒక ఉదాహరణ చెబుతాం. ఒకే వీధిలో ఇరవై ఏళ్లుగా ఉన్న కుటుంబానికి కిరాణా కొట్టులో ఖాతా ఉంటుంది, పాలవాడు తెలుసు, కష్టమొస్తే చేయి అందించే పొరుగు ఉంటుంది. అదే కుటుంబం కొత్త ఊరికి మారితే మొదటి నెలలో ప్రతిదీ నగదు పెట్టి కొనుక్కోవాలి. పొదను తవ్వినప్పుడు మనం దాని ఖాతాలన్నీ తెంపేస్తాం. నీరు పీల్చే సన్నని పీచువేళ్లలో చాలా భాగం పాతచోటనే మట్టిలో ఉండిపోతాయి. ఆకులు మాత్రం ఎప్పటిలాగే నీటిని ఆవిరిగా వదులుతుంటాయి. రాబడి పడిపోయి, ఖర్చు అలాగే ఉంటే ఏ ఇల్లూ నిలవదు. కాబట్టి పని రెండు విధాలు: ఖర్చు తగ్గించడం, కొత్త వేళ్లు వచ్చేదాకా మనమే నీరు అందించడం.

సమయం, ముందస్తు పని

పొదను మార్చడానికి మంచి కాలం తొలకరి తరువాత, అంటే జూన్ చివరి నుంచి జూలై దాకా. నేల తడిసి ఉంటుంది, గాలిలో చెమ్మ ఉంటుంది, ముందు మూడు నెలల వాన ఉంటుంది. మార్చి నుంచి మే వరకు ఆ పని పెట్టుకోకూడదు.

ఇల్లు కూలుస్తారని ముందే తెలిస్తే రెండు మూడు నెలల ముందు నుంచే పొదను సిద్ధం చేయాలి. కాండానికి దూరంగా అర్ధచంద్రాకారంలో ఒకవైపు మాత్రమే అడుగున్నర లోతు కాలువ తీసి, అడ్డం వచ్చిన వేళ్లను పదునైన కత్తితో కోసి, మట్టి తిరిగి నింపి నీళ్లు పెడుతూ ఉండాలి. నెల తరువాత రెండో వైపు అలాగే చేయాలి. కోసిన చోట్ల కొత్త పీచువేళ్లు పుడతాయి. తీసుకెళ్లే మట్టిగడ్డలోనే అవి ఉంటాయి కనుక, కొత్త ఇంటికి పొద కొంత సామగ్రితో వెళ్లినట్టు అవుతుంది.

తవ్వడానికి ముందు కొమ్మలను మూడింట రెండు వంతులు కత్తిరించాలి. చాలామందికి ఇక్కడ మనసొప్పదు. కాని గోరింట కత్తిరింపుకు భయపడే మొక్క కాదు. సోజత్ రైతులు నారు నాటే ముందు వేళ్లనూ కొమ్మనూ కత్తిరించే నాటుతారు. పెరిగిన పంటను ఏటా నేల దగ్గరికి కోస్తారు, అది మళ్లీ చిగురిస్తుంది. మనం కత్తిరించే సమయం సరిగ్గా ఆషాఢం దగ్గరపడే రోజులు కాబట్టి ఆకు వృథా కాదు. ఇరుగుపొరుగుకు పంచవచ్చు. మిగిలినది నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, జల్లించి, గాలి తగలని సీసాలో పెట్టుకోవచ్చు.

పెన్సిలు మందం ఉన్న కొమ్మలను జానెడు ముక్కలుగా కోసి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి పెట్టండి. అన్నీ వేరు పట్టవు కనుక పది పన్నెండు పెట్టండి. తల్లిపొదకు ఏమైనా అయితే ఇవి ఉంటాయి. రెండూ బతికితే ఇంకొకరికి ఇవ్వవచ్చు.

తవ్వడం, నాటడం

ముందురోజు పొద మొదట్లో బాగా నీళ్లు పోయాలి. తడిసిన మట్టి వేళ్లను పట్టుకుని ఉంటుంది. కాండం మందం అంగుళం ఉంటే మట్టిగడ్డ వెడల్పు అడుగు ఉండాలి, రెండంగుళాలైతే రెండడుగులు. చుట్టూ తవ్వి, అడుగున గడ్డపారతో కోసి, తడిపిన గోనెసంచి చుట్టి తాడుతో బిగించాలి. ఎత్తేటప్పుడు కాండం పట్టుకుని లాగకూడదు. గడ్డ కింద చేతులు పెట్టి ఎత్తాలి.

కొత్త గుంట ముందే తయారుగా ఉండాలి. పొద వచ్చాక గుంట తవ్వడం మొదలుపెడితే ఈలోగా వేళ్లు ఆరిపోతాయి. రోజంతా ఎండ తగిలేచోట, గోడకు నాలుగడుగుల దూరంలో, గడ్డకు రెట్టింపు వెడల్పుతో తవ్వండి. మన ప్రాంతపు నేలలో రెండడుగులు పోగానే మొరం తగులుతుంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనానికి వాడిన గ్రానైటు జాతి రాయే కాలక్రమంలో అరిగి ఈ మొరం అయింది. గుంటలో బకెట్ నీళ్లు పోసి చూడండి. తెల్లవారేదాకా నిలిచి ఉంటే అడుగు మొరాన్ని గడ్డపారతో పొడిచి వదులు చేయాలి. గోరింట కరువును భరిస్తుంది గాని, వేళ్ల దగ్గర నిలవ నీటిని భరించదు.

పాతచోట మట్టి ఎంతవరకు ఉందో కొత్తచోటా అంతవరకే ఉండేలా, సాయంత్రం పూట నాటండి. తీసిన మట్టికే కాస్త మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. యూరియా వద్దు. పాదు కట్టి, రెండు బకెట్లు నీళ్లు పోసి, ఎండుటాకులు మూడంగుళాల మందాన పరచండి. కాండానికి మాత్రం ఆకులు ఆననివ్వకూడదు.

నీరు ఎంత, ఎన్నాళ్లు?

వాన లేకపోతే మొదటి వారం రోజూ ఒక బకెట్, తరువాత నెలంతా రోజు విడిచి రోజు, ఆపైన వారానికి రెండుసార్లు పోయండి. పోసేముందు మట్టిలో వేలు దించి చూడాలి. రెండంగుళాల కింద తడి ఉంటే ఆ రోజుకు అక్కర్లేదు. చలికాలంలో వారానికి ఒకసారి చాలు. తొలి వేసవి అసలైన పరీక్ష. అప్పుడు నాలుగైదు రోజులకోసారి నేల లోతుగా తడిసేలా పోయాలి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైపొరలోనే తిరుగుతాయి. లోతుగా తడిపి, మధ్యలో ఆరనిస్తే తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. రెండో వేసవిలో పక్షానికి ఒకసారి, ఆ తరువాత మానేయవచ్చు. బోర్లు ఎండి ట్యాంకర్లకు డబ్బు కట్టే వీధుల్లో ఇది చిన్న మాట కాదు. దాదాపు రెండేళ్లు పోసిన బకెట్లు ఆపై ఇరవై ఏళ్ల నీటిని ఆదా చేస్తాయి.

తార్నాకలో ఒక పాత ఇంటి నానీమా గోరింటను మేము నలుగురం కలిసి ఇలాగే మార్చాం. ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లకు ఆ పొద ఆకే రుబ్బారట. కాండం రెండంగుళాల పైమాటే. జూన్ చివర ట్రాలీ ఆటోలో క్యాంపస్ క్వార్టర్లలో ఉన్న ఆమె చిన్నకూతురి ఇంటికి చేర్చాం. పన్నెండో రోజుకు మిగిలిన ఆకులన్నీ రాలిపోయాయి. ఇంట్లోవాళ్లు పీకేద్దామన్నారు. కాండం మీద గోటితో చిన్నగా గీరి చూపించాం. పైబెరడు కింద పచ్చగా ఉంది. “పచ్చగా ఉందంటే ప్రాణముందన్నమాటే బేటా, ఉండనియ్యండి” అన్నారు నానీమా. అయిదో వారంలో మోడు మీద ఎర్రటి చిగుళ్లు వచ్చాయి. ఆకు రాలడం చావు కాదు, మొక్క తన ఖర్చు తాను తగ్గించుకోవడం. గీరినచోట గోధుమరంగు కనిపించి, అది కాండం అడుగు దాకా ఉంటేనే ఆశ వదులుకోవాలి.

ఇంత శ్రమ దేనికి?

బజారులో పది రూపాయలకు కోన్ దొరుకుతుంది కదా అనేవారున్నారు. గోరింటాకు సహజంగా ఇచ్చేది ఎరుపు, నారింజ, గోధుమ ఛాయలే. దానిలోని లాసోన్ అనే పదార్థం చర్మానికి పట్టడానికి గంటలు కావాలి. అయిదు నిమిషాల్లో నల్లగా పండే వాటిలో పీపీడీ అనే రసాయనం ఉండవచ్చు. అది కొందరికి బొబ్బలు, మచ్చలు తెస్తుంది. పెరటి ఆకులో ఏముందో మనకు తెలుసు. అయితే పసిపిల్లలకు మాత్రం ఏ గోరింటాకూ పెట్టకండి. జీ6పీడీ లోపం ఉన్న శిశువులకు అసలు ఆకు కూడా ప్రమాదం చేస్తుంది.

మీ వీధిలో ఏ ఇల్లైనా కూల్చబోతున్నారని తెలిస్తే, ఆ ఇంటివారిని గోరింట గురించి ఒక మాట అడగండి. వారికి అక్కర్లేకపోతే మీరు తీసుకోండి. మీకు స్థలం లేకపోతే దగ్గరలోని బడికో, మసీదు ఆవరణకో, స్థలమున్న పొరుగింటికో అడిగి ఇప్పించండి. నాటిన తరువాత దాదాపు రెండేళ్ల పాటు నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో ఆ రోజే తేల్చుకోండి. అది తేలని చోట నాటవద్దు.